ఊడదీసి అల్లుట

నూలు ఉండ యొకటి, కొక్కెపు మొనగల సన్నని సూది యొకటి. ఈ రెండే సాధనములుగా వసిష్ఠ గోదావరి తీరమందలి నరసాపురము, దాని చుట్టుపట్ల గ్రామముల స్త్రీలు తరతరములుగా లేసు అల్లుచున్నారు. పంతొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల మూలమున ఈ సీమకు వచ్చిన యీ విద్య తల్లి చేతినుండి కూతురి చేతికి దిగి, పాశ్చాత్యుల భోజనపు బల్లలపై పరచు వస్త్రములుగా సముద్రములు దాటినది. ఆ వస్త్రముల సొగసును మెచ్చనివారు లేరు. నాకు మాత్రము అందు తప్పు దిద్దుకొను తీరే అంతకంటె మెచ్చదగినదిగా తోచును.

ఈ అల్లికలో ఏ క్షణమున చూచినను సూదిపై విప్పుటకు అనువుగా నుండు ఉచ్చు సాధారణముగా ఒక్కటియే. కావున పొరపాటు కంటబడిన వెంటనే సూది తీసి, దారపు కొనను లాగి, తప్పు జరిగిన చోటుదాక ఊడదీసి, అదే నూలుతో మరల అల్లవచ్చును. రెండు పుల్లలతో ఉన్ని అల్లువారికి ఇంతటి వెసులుబాటు లేదు. వరుసలోని ఉచ్చులన్నియు ఒక్కమారే పుల్లపై నిలిచియుండును గనుక, ఒకటి జారెనా, అది నిచ్చెనమెట్లవలె క్రిందివరకు ఊడుకొనిపోవును. కాగితమును మడచి బొమ్మలు చేయు పని (ఓరిగామి) ఇంకను కఠినము. మడత పడినచోట పీచు నలిగి గీత మిగిలిపోవును. ఎంత సాపుచేసినను అది మాయదు. అందుచేతనే ఆ పని నేర్చినవారు ముందుగా చౌక కాగితముపై చేయి సరిచూచుకొని, పిదప మేలిరకపు కాగితమును ముట్టుదురు. జపాను దేశపు ఓరిగామి కళాకారుడు అకిరా యోషిజావా (1911–2005) కాగితమును కొంచెము తడిపి మలచు పద్ధతిని ప్రవేశపెట్టెను. తడి యున్నంతసేపు వంపులు చేతికి లొంగును. ఆరినపిదప గట్టిపడి నిలుచును. దిద్దుబాటునకు గడువు పెంచుకొనుటయే అందలి చాతుర్యమని నా తలంపు.

లేసు పువ్వును నడిమినుండి చుట్లు చుట్లుగా అల్లుదురు. అది బల్లపరుపుగా రావలెనన్నచో చుట్టు చుట్టునకు కుట్లు ఒక లెక్క ప్రకారము పెరుగవలెను. పొట్టి కుట్టైనచో చుట్టునకు సుమారు 6 కుట్లు పెంచుట వాడుక. పెంపు చాలనిచో నడుమ లోతై అంచులు పైకి లేచును. మితిమీరినచో అంచు కుచ్చులు పడును. గంజి పెట్టి ఇస్త్రీ చేసినను ఈ దోషము పూర్తిగా పోదు, ఊడదీయవలసినదే. చిత్రమేమనగా, నరసాపురమున దోషమైన యీ కుచ్చులే 1997లో అమెరికా కార్నెల్ విశ్వవిద్యాలయమున గణితశాస్త్రజ్ఞురాలు డైనా తైమినకు అక్కరకు వచ్చినవి. ఆమె కావలెననియే కుట్లను ఎడతెగక పెంచుచు అల్లి, గణితమున అతిపరావలయ తలమనబడు, ఎల్లెడల కుచ్చులుపడు తలమును విద్యార్థులు చేతితో పట్టి చూడగల వస్తువుగా మార్చెను.

పువ్వులు అల్లుట చేతిపని. వానిని కలిపి వస్త్రముగా చేయుట అతుకుపని. ఈ రెండును తరచుగా వేర్వేరు స్త్రీల చేతులలో జరుగును. ఒకరి చేతి బిగువు ఇంకొకరికి ఉండదు. ఒకే నూలు, ఒకే నమూనా అయినను, బిగించి లాగు చేతిలో పువ్వు చిన్నదగును, వదులు చేతిలో విప్పారును. ఈ హెచ్చుతగ్గులన్నియు అతుకుపని చేయు ఆమె ఒడిలోనే బయటపడును. ఒకచోట పువ్వులను కలుపు గొలుసులో కుట్టు తగ్గించి, ఇంకొకచోట పెంచి, కొలతకు రాని పువ్వును ప్రక్కన బెట్టి, ఆమె కుదుర్చును. చూచువారికి కనబడరాని యీ నేర్పునకే వస్త్రమున సమత యంతయు ఋణపడియున్నది.

అయితే కూలి లెక్కలో ఈ నేర్పునకు చోటు లేదు. పని ఇండ్లలో జరుగును. నూలు ఇచ్చి సరకు పుచ్చుకొను మధ్యవర్తులు కూలి కట్టునది పూర్తియైన పనికే గాని, ఊడదీసి మరల అల్లిన గంటలకు గాదు. జర్మను సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన నరసాపురపు లేసు కార్మికుల అధ్యయనమున, గంటల తరబడి సాగు ఈ శ్రమను గృహిణుల తీరిక వ్యాపకముగా జమకట్టుటవలననే కూలి అంత తక్కువగా నిలిచినదని చూపెను. తీరిక వేళ పనికి ఎవరును గడువు పెట్టరు, కొలత తప్పినదని సరకును త్రిప్పిపంపరు గదా!

2024లో నరసాపురపు లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పేరును కాపాడును, కూలిని కాదు. ఎగుమతిదారులును సహకార సంఘములును కూలి నిర్ణయించునపుడు, దిద్దుబాటునకు పట్టు కాలమును పనిగానే లెక్కింపవలెను.