చెరువు ఎవరి పేర, చేప ఎవరి పాలు?

చిన్న రైతుల చేపల పెంపకానికి చేయూత ఇస్తున్నామని ప్రభుత్వం చెప్పే ప్రతి కాగితాన్నీ మనం రెండు ప్రశ్నలతో చదవాలి. చెరువు ఎవరి పేర ఉంది? చేప అమ్మిన డబ్బు ఎవరి చేతికి పోతోంది? ఈ రెంటికీ ఒకే మనిషి జవాబైనప్పుడే అది చిన్నవాడికి సాయం. కృష్ణా డెల్టాలో చాలాచోట్ల పేరు వాడలో ఉంటుంది, డబ్బు ఊళ్లోకి పోతుంది.

విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చుని గణాంకాలు చదివితే, చేపల ఉత్పత్తిలో ఆంధ్రదే దేశంలో మొదటి స్థానం. కైకలూరు, మండవల్లి ప్రాంతాల నుంచి బొచ్చె, శీలావతి ఐసు వేసుకుని లారీల్లో బెంగాలు దాకా వెళ్తాయి. కానీ టన్నుల లెక్కకు కులం ఉండదు. కులం కనపడాలంటే కొల్లేటి చరిత్ర చూడాలి.

1976లో ప్రభుత్వం కొల్లేటిలో మత్స్యకారులకూ, ఎస్సీలతో సహా బలహీన వర్గాలకూ సహకార సంఘాలు పెట్టించి చెరువులు ఇచ్చింది. ఆలోచన మంచిదే. అయితే చెరువుకు గట్టు పోస్తే సరిపోదు. పిల్ల కొనాలి, తవుడూ చెక్కా కొనాలి, పంట చేతికొచ్చేదాకా ఇల్లు గడవాలి. ఆ మధ్యకాలానికి డబ్బెక్కడిదని ఎవరూ అడగలేదు. అడగని చోట పెట్టుబడిదారు వచ్చాడు. సంఘం సభ్యులకు ఏడాదికింత అని లీజు చేతిలో పెట్టి చెరువు పట్టుకున్నాడు. రికార్డులో సభ్యుడైన దళితుడు గట్టు మీద కాపలాదారయ్యాడు.

1999లో కొల్లేటిని +5 అడుగుల కాంటూరు వరకూ అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలి, అందులో వాదం లేదు. కానీ పెట్టుబడి ఉన్నవాడు కాంటూరు అవతల ఇంకో వంద ఎకరాలు లీజుకు తీసుకోగలడు. సంఘం సభ్యుడికి పోయింది ఆ ఒక్క చెరువే. ఆక్రమణదారుకీ, ప్రభుత్వమే చెరువిచ్చిన పేదకీ పొక్లెయిను తేడా చూడదు. చూడాల్సింది దాన్ని పంపినవాళ్లు.

ఇక 2020కి రండి. 20,050 కోట్లతో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ, మిగతావారికి 40 శాతం. చదవగానే సంతోషం కలుగుతుంది. లెక్క వేద్దాం. కొత్త మంచినీటి చెరువుకు హెక్టారుకు ఏడు లక్షల యూనిట్ ఖర్చు. సబ్సిడీ 4 లక్షల 20 వేలు. మిగిలిన 2 లక్షల 80 వేలు లబ్ధిదారు తేవాలి. సబ్సిడీ సొమ్ము కూడా పని జరిగిందని తేలాకే విడతలుగా వస్తుంది. అంటే ముందు పెట్టగలిగినవాడికే తర్వాత వచ్చేది. అన్నిటికంటే ముందు సొంత భూమైనా, రిజిస్టరైన దీర్ఘకాలిక కౌలు పత్రమైనా ఉండాలి. నోటిమాట కౌలు నడిచే డెల్టాలో భూమిలేని మాల మాదిగలు ఆ కాగితం ఎక్కడ తెస్తారు? అరవై శాతాన్ని పథకం గుమ్మంలో పెట్టి, గుమ్మానికి భూమి అనే తాళం వేశారు. తాళంచెవి ఉన్నవాడికి మన పేరు అరువు తీసుకోవడం ఎంతసేపు?

భూమి లేనివాళ్లకు కూలి దొరుకుతుంది కదా అనే వాదన ఒకటి ఉంది. వరిచేలో ఊడ్పు, కలుపు, కోత ఆడవాళ్ల పని. చేను చెరువైతే ఆ మూడూ పోతాయి. చెరువుకు కావాల్సింది ఒక కాపలా కుటుంబం, మేత కట్టే మనిషి, పట్టుబడి రోజు వల లాగే ముఠా. ఉత్పత్తి పెరిగిందని రాసే నివేదికల్లో పోయిన ఈ పనిదినాలకు ఒక్క గడి కూడా ఉండదు.

గ్రామ చెరువులు మత్స్యకార సంఘాలకు ఇస్తున్నారుగా అంటారు. మన తగువు వడ్డీలతోనో మరో బెస్తకులంతోనో కాదు. వాళ్ల సంఘాల చెరువులూ షావుకారు గుప్పిట్లోకే పోతున్నాయి. వాళ్ల హక్కు తగ్గించమని మనం అడగడం లేదు. వాడకు కూడా నీటి మీద హక్కు కావాలంటున్నాం. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగింది దాహం తీర్చుకోవడానికి మాత్రమే కాదు, ఆ చెరువు అందరిదని చెప్పడానికి. నీరు ఇప్పుడు ఆస్తి అయింది. కాబట్టి హక్కు కూడా ఆస్తి హక్కే కావాలి.

ఏం అడగాలి? ఒకటి, భూమిలేని దళిత మహిళా సంఘాలకు ప్రభుత్వ, పంచాయతీ చెరువుల్లో దీర్ఘకాలిక లీజు. రెండు, సబ్సిడీ పని మొదలవకముందే, పంట వచ్చేదాకా మేతకు సరిపడా తక్కువ వడ్డీ అప్పుతో కలిపి. మూడు, చెరువు ఎవరి పేర ఉందో, నడిపేది ఎవరో పంచాయతీ గోడ మీద రాయడం. మూడోదానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. అది కూడా చెయ్యనంటే, మొదటి రెండూ ఎందుకు జరగడం లేదో అర్థమైనట్టే.