పెద్దకర్మ లోపు చేరాల్సిన ఉత్తరం

కళ్ళు దానం చేసిన ఇంటికి ఉత్తరం రాయడం కష్టమైన పని. మా ఊళ్ళో నేత్రదానం కోసం తిరిగే మిత్రుల్లో నా వంతుకు వచ్చింది ఆ పనే. ఫోను రాగానే బండి తీసేవాళ్ళు వేరు, టెక్నీషియన్‌ని వెంటబెట్టుకు వెళ్ళేవాళ్ళు వేరు. తిరిగొచ్చాక వాళ్ళు దాత పేరు, వయసు, ఇంట్లో ఎవరు ముందుకొచ్చారు, ఎవరు సంతకం పెట్టారు అన్నీ నాకు చెబుతారు. అవి పట్టుకుని నేను రాయడానికి కూర్చుంటాను.

ఐ బ్యాంకువాళ్ళు ఎలాగూ సర్టిఫికెట్ ఇస్తారు. చాలా ఇళ్ళలో దానికి ఫ్రేము కట్టించి పోయినవారి ఫోటో పక్కన పెట్టుకుంటారు. అది గౌరవమే, కాదనను. కానీ ఆ కాగితం మీద పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. "మా అమ్మ కళ్ళు పనికొచ్చాయా అండీ?" అని దాదాపు ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. దానికి జవాబు అందులో ఉండదు. నా దృష్టిలో కృతజ్ఞత చెప్పడమంటే ఈ ప్రశ్నకు నిజం చెప్పడం.

అలా రాయాలంటే ఆ ఇంటివాళ్ళు ఏం చేశారో ముందు మనకు తెలియాలి. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, తీయాలి. ఇంట్లో ఏడుపులు ఇంకా సద్దుమణగవు. ఊరి నుంచి రావలసిన కొడుకు ఇంకా బస్సులోనే ఉంటాడు. అలాంటప్పుడు ఒకరు గుండె దిటవు చేసుకుని ఫోను చెయ్యాలి. అవతల నుంచి మావాళ్ళు చెప్పే మాటలు ఇవి: "అమ్మా, ఫ్యాను ఆపేయండి. రెప్పలు పూర్తిగా మూయండి. పైన తడి దూది పెట్టండి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచండి."

మే నెల ఎండల్లో, ఇంటినిండా జనం ఉండగా ఫ్యాను ఆపడం చిన్న సంగతి కాదు. కానీ గాలి తగిలితే కార్నియా ఎండిపోతుంది. ఒక ఇంట్లో పెద్దకోడలు స్విచ్చు ఆపేసి అక్కడే గోడకి ఆనుకుని నిలబడింది. వచ్చిన చుట్టమల్లా "ఉక్క పోస్తోంది కదమ్మా, ఫ్యాను వెయ్యండి" అంటుంటే, "మా అత్తయ్య కళ్ళు ఇస్తున్నామండీ, కాసేపు ఓర్చుకోండి" అని అందరికీ అదే మాట చెప్పింది. టెక్నీషియన్ వచ్చి పని ముగించడానికి అరగంట కూడా పట్టలేదు. అంతవరకూ ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. కాగితం మీద సంతకం కొడుకుది. ఉత్తరం మాత్రం కోడలి పేరు మీదే రాశాను. దాత పేరుతో పాటు ఆ గంటల్లో నిలబడ్డ మనిషి పేరు కూడా ఉండాలన్నది అప్పటినుంచీ నా పట్టు.

"ఎవరికి పెట్టారండీ?" అని కూడా అడుగుతారు. ఆ పేరు చెప్పకూడదు. ఇచ్చినవారెవరో పుచ్చుకున్నవారికి, పుచ్చుకున్నవారెవరో ఇచ్చినవారికి తెలియనివ్వరు. అది మంచి నియమమే. ఐ బ్యాంకు నుంచి తెలిసినంతలో, ఇద్దరికి అమర్చారనో, ఒకరికి అమర్చారనో రాస్తాను. అంతవరకు తేలికే.

కష్టమల్లా అమర్చలేదని రాయవలసి వచ్చినప్పుడు. కార్నియా లోపలి పొరలో కణాలుంటాయి. అవి ఒకసారి పోతే మళ్ళీ పుట్టవు. వయసు పెరిగేకొద్దీ తగ్గుతాయి. అందుకే ఐ బ్యాంకులో వాటిని సూక్ష్మదర్శినితో లెక్కపెడతారు. చూపు కోసం చేసే మార్పిడికి సాధారణంగా చదరపు మిల్లీమీటరుకు 2,000కు పైగా కణాలు ఉండాలని చూస్తారు. అంతకన్నా తక్కువుంటే ఆ కార్నియా పరిశోధనకో, డాక్టర్ల శిక్షణకో వెళ్ళవచ్చు. చాలామంది ఈ సంగతి కుటుంబానికి చెప్పరు, బాధపడతారని. నేను ఒప్పుకోను. దాచితే వాళ్ళు చేసిన దానాన్ని మనమే తక్కువ చేసినట్టు. ఒక రిటైర్డ్ మాస్టారి కూతురికి ఇలా రాశాను: "మీ నాన్నగారి కార్నియాల్లో కణాలు తగ్గాయని డాక్టర్లు గమనించారు. అందువల్ల వాటిని ఇంకొకరికి అమర్చలేదు. పరిశోధనకు తీసుకున్నారు. మాస్టారు ఇంకా పాఠం చెబుతూనే ఉన్నారమ్మా." ఆమె ఫోను చేసి, ఆ చివరి వాక్యం సంస్మరణ సభలో చదివించానని చెప్పారు.

పరిశోధనకు ఇవ్వడం రెండో రకం దానమేమీ కాదు. 2022లో హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి త్రీడీ ప్రింటింగ్‌తో కార్నియా తయారుచేసి కుందేలు కంటికి అమర్చారు. దానికి వాడిన పదార్థం మనుషుల కళ్ళ నుంచి తీసుకున్న కణజాలమే. ఎవరో ఇవ్వకపోతే ఆ పని మొదలయ్యేదే కాదు. దేహదానమూ అంతే. 2024 సెప్టెంబరులో సీపీఎం నేత సీతారాం ఏచూరి భౌతికకాయాన్ని కుటుంబసభ్యులు బోధన, పరిశోధనల కోసం ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. మెడికల్ కాలేజీల్లో మొదటి ఏడాది పిల్లలు కత్తి పట్టేముందు అలాంటి దేహం ఎదుట నిలబడి, మర్యాదగా చూసుకుంటామని ప్రతిజ్ఞ చేస్తారు. ఆ సంగతి ఇచ్చిన కుటుంబానికి ఎవరైనా చెబుతున్నారా? చెప్పాలి.

డబ్బు ఇచ్చినవారి పేరు గోడమీదికి ఎక్కుతుంది, అందులో తప్పులేదు. సినిమా దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు ఆ దాత పేరుతోనే 1987లో ఆసుపత్రి నిలబెట్టారు. ఈవేళ ఆ పేరు తెలియని తెలుగు ఇల్లు అరుదు. కళ్ళు ఇచ్చినవారి పేరే నిలవదు. ప్రపంచంలో మొదటిసారి కార్నియా మార్పిడి ఫలించింది 1905 డిసెంబరు 7న, ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమోట్స్‌లో. చేసినవారు డాక్టరు ఎడ్వర్డ్ జిర్మ్. సున్నం పడి చూపు పోయిన కూలీ అలోయిస్ గ్లోగర్‌కి మళ్ళీ చూపు వచ్చింది. ఆ కార్నియా 11 ఏళ్ళ కార్ల్ బ్రావర్‌ది. దెబ్బ తగిలి అతని కన్ను తీసేయాల్సి వచ్చింది. జిర్మ్ పేరు కంటి డాక్టర్లందరికీ తెలుసు. ఆ కుర్రాడి పేరు కూడా తెలియాలని నా కోరిక.

ఉత్తరం పెద్దకర్మ లోపు చేరాలి. ఆ రోజు చుట్టపక్కాలంతా ఒకచోట ఉంటారు. భోజనాల ముందు ఎవరో ఒకరు పైకి చదువుతారు. ఫ్యాను గురించి విసుక్కున్న చుట్టమూ వింటాడు. మా అనుభవంలో తర్వాతి ఫోను తరచుగా ఆ బంధువుల్లోంచే వస్తుంది.

ఐ బ్యాంకులవారికి నా విన్నపం. కార్నియా ఏమైందో తెలిసిన రోజే ఆ ఇంటికి నాలుగు వాక్యాలు తెలుగులో, నిజం రాయండి. నేత్రదాన పక్షోత్సవాలు ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు జరుగుతాయి. ఆ సభల్లో వేదిక మీద ముందు వరస కుర్చీలు దాతల కుటుంబాలకు, రాత్రిపూట బండి తీసే వాలంటీర్లకు వెయ్యండి. పాఠకులకూ ఒక మాట. అర్ధరాత్రి ఫోను ఎత్తే మనుషులు ప్రతి ఊళ్ళోనూ తక్కువే. వారంలో ఒక్క రాత్రి ఇవ్వగలిగితే మీకు దగ్గరలోని ఐ బ్యాంకుకు వెళ్ళి పేరు ఇచ్చి రండి.