మూడు సిలిండర్ల కీర్తన

నిన్ను పొగడాలంటే ముందు నీ కొలతలు చెప్పాలి. పొడవు 11 అడుగులు. బరువు 650 కిలోలు, మా గోదావరి రైతు లెక్కలో ఆరున్నర క్వింటాళ్లు. ఇంజను 796 సీసీ. సిలిండర్లు మూడు, గేర్లు నాలుగు, చక్రాలు 12 అంగుళాలు. ఇంతకు మించి నీ దగ్గర ఏమీ లేదు. ఇంతకు మించి అక్కర్లేదని ఒక దేశానికి దేశమే నమ్మిన రోజులున్నాయి. మా వసారాలో పట్టేంత కారువి, ఓపిక పడితే ఒక మనిషి బుర్రలో పట్టేంత యంత్రానివి. ఓ మారుతీ 800, ఆ రెండో మాట కోసమే నిన్ను కీర్తిస్తున్నాను.

నువ్వు రాకముందు కారంటే అంబాసిడర్, లేదంటే ఫియట్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అది డాక్టరుగారి ఇంట్లోనో, మిల్లు యజమాని ఇంట్లోనో ఉండే వస్తువు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా నీ మొదటి తాళంచెవి అందుకున్నాయన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి, హర్‌పాల్ సింగ్. అప్పుడు నీ ధర 47,500 రూపాయలు. ఆయన 2010లో కన్నుమూసేదాకా ఆ కారును వదల్లేదు. ఆయన పోయాక అది వీధిలో ఎండకు ఎండి వానకు తడిసి తుప్పుపట్టింది. తర్వాత కంపెనీయే దాన్ని బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో నిలబెట్టింది. మొట్టమొదటి దానికే ఆ గతి పట్టిందంటే, ఊరూరా వేపచెట్ల కింద నిలిచిపోయిన నీ తోబుట్టువుల సంగతి చెప్పేదేముంది? 2014 జనవరి 18 వరకు 25 లక్షలకు పైబడి పుట్టారు మీరు. మీలో ఒకటి, 1991 నాటిది, ఏపీ 5 నంబరుది, మా మావయ్యగారిది, కాకినాడలో మా ఇంటి వసారాలో నాలుగు ఇటుక దిమ్మల మీద కూర్చుంది.

కారు బాగుచెయ్యడం ఇంజనుతో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. సీట్లు విప్పడంతో మొదలవుతుంది. నీ వెనక సీటు కింద ఒక కుటుంబం ముప్పై ఏళ్లు జారవిడుచుకున్నదంతా ఉంది. తలపిన్నులు, మందుల చీటీ, 2011లో చెలామణి పోయిన పావలా బిళ్ల, అన్నవరం ప్రసాదం కట్టిన విస్తరాకు ముక్క. ఆకు ఎండి గలగలమంటోంది, నెయ్యి మరక మాత్రం అలాగే ఉంది. నువ్వు కొత్తగా వచ్చిన వారంలోనే రత్నగిరి ఎక్కి ఉంటావు. బానెట్ మీద పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, లోపల ఐదుగురు కూర్చోవలసిన చోట ఏడుగురు. ఘాట్ రోడ్డు మలుపులో రెండో గేరు చాలక మొదటి గేరుకు దిగి, మూలుగుతూ, ఆగకుండా పైకి చేరి ఉంటావు. మా గోదావరి జిల్లాల్లో సత్యదేవుడి కొండ ఎక్కని మారుతీ అరుదు.

తివాచీ ఎత్తితే నేల కనిపించింది. కారు నేల కాదు, వసారా నేల.

ఇక్కడ తుప్పు గురించి చెప్పాలి, దానికి దక్కాల్సిన మర్యాదతో చెప్పాలి. సముద్రం ఊరి చివర ఉందనుకుంటాం. అది రోజూ గాలిలో ఇంట్లోకి వస్తుంది. గేటు గడియ మీద, కిటికీ ఊచల మీద, నీ ఒంటి మీద ఉప్పు పెట్టి పోతుంది. ఉప్పు తడిని పట్టి ఉంచుతుంది, ఇనుముకూ నీటికీ ప్రాణవాయువుకూ మధ్య జరిగే పనిని తొందరపెడుతుంది. ఇనుము తుప్పయ్యాక ఉబ్బుతుంది, ముందున్న చోటు దానికి చాలదు. అందుకే రంగును కింద నుంచి తోసుకుని పొక్కులు లేస్తాయి. పైన శనగగింజంత పొక్కు కనిపిస్తే లోపల అరచేతి మేర రేకు పోయిందని లెక్క. నీ డోర్లలో దిగిన వాన నీరు బయటికి పోవడానికి అడుగున చిన్న కన్నాలు పెట్టారు నిన్ను గీసినవాళ్లు. అగ్గిపుల్ల దూరేంత కన్నాలు. వాటిలో వీధి దుమ్ము పేరుకుంది, నీరు నిలిచింది, డోరు అడుగు పేలికైంది. పెద్ద పెద్ద ప్రమాదాలు తప్పించుకుని వచ్చిన బండి చిటికెడు మట్టికి లొంగిపోయింది. ఏడాదికోసారి ఆ కన్నాలు పొడిచి శుభ్రం చేసేవాళ్లకు నా నమస్కారం.

టింకరింగ్ మేస్త్రిగారు వచ్చి, కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి విన్నట్టు, నీ ఒళ్లంతా చిన్న సుత్తితో తట్టి విన్నారు. ఖంగుమన్న చోట ఊరుకున్నారు. బొదబొదమన్న చోట సుద్దముక్కతో గీత గీశారు. గీతలన్నీ కలిస్తే నీ నడుము కింద ఒక పటం తయారైంది. "గురువుగారూ, దీన్ని పుట్టీతో కప్పెయ్యొచ్చండి, సంక్రాంతిదాకా బానే ఉంటదండి. మీకు బండి కావాలంటే మాత్రం కోసెయ్యాలండి" అన్నారు. కోసెయ్యమన్నాను. చచ్చిన రేకు కోసి, బతికున్న రేకు అంచు దొరికేదాకా వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి కొత్త రేకు వంచి, కొట్టి, అతుకు పెట్టారు. బతికిన ఇనుము గ్రైండరు తగలగానే తెల్లగా మెరుస్తుంది. చచ్చింది ఎర్ర పొడి రాల్చుతుంది. ఆ తేడా చూశాక, పై మెరుగు చూసి పాత బండి కొనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పుట్టీ మందంగా పట్టించి, దాని మీద రంగు కొట్టి, ఇదే రిస్టొరేషన్ అనడం నీకు చేసే ద్రోహం.

ప్రైమరు, పల్చని పుట్టీ, నీళ్లు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దుడు. నాలుగు వందల నంబరు, ఎనిమిది వందలు, పన్నెండు వందలు. ఈ రుద్దుడు పనికి చదువు అక్కర్లేదు, కండలు అక్కర్లేదు, వేళ్ల చివర్లలో శ్రద్ధ కావాలి. కంటికి కనపడని గుంత అరచేతికి తెలుస్తుంది. కళ్లు మూసుకుని నీ డోరు మీద చెయ్యి జరపడం మా అమ్మాయికి నాకంటే బాగా వచ్చింది. "ఇక్కడ దిగుతోంది నాన్నా" అని వేలు పెట్టి చూపిస్తే మేస్త్రిగారు కూడా ఒప్పుకునేవారు.

ఇప్పుడు నీ కార్బొరేటరు. దినపత్రిక పరిచి, దాని మీద విప్పాం. ఫ్లోట్, సూదిలాంటి నీడిల్ వాల్వు, ఇత్తడి జెట్లు, రాగి రంగు వాషర్లు, స్ప్రింగులు. ఎండిపోయిన పాత పెట్రోలు గోధుమరంగు జిగురై అన్నిటికీ పట్టి ఉంది. మెయిన్ జెట్టును చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని ఆకాశం వైపు పెట్టి చూశాను. మధ్యలో ఒక రంధ్రం. వెలుతురు రాలేదు. నువ్వు తాగిన పెట్రోలులో చాలా భాగం, మావయ్యగారు రాజమండ్రి వెళ్లినా, పిల్లలు పరీక్షలకు వెళ్లినా, ఆ రంధ్రం గుండానే వెళ్లి ఉంటుంది. దాన్ని తీగ పెట్టి పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం వెడల్పయితే పెట్రోలు లెక్క తప్పుతుంది. క్లీనరులో నానబెట్టాలి, గాలి కొట్టాలి, ఆగాలి, మళ్లీ గాలి కొట్టాలి. చివరికి ఆ కన్నంలో నుంచి ఒక నలక వెలుతురు వచ్చింది. పత్రిక చుట్టూ కూర్చున్నవాళ్లం ఒకరి తర్వాత ఒకరం దాన్ని కంటికి ఆనించుకుని చూశాం. ఇంట్లో అందరం. మా అత్తయ్యగారు కూడా కళ్లజోడు సర్దుకుని చూశారు. "దీంట్లోంచేనా ఇంత కారూ నడిచేది?" అన్నారు.

అవునండి, దీంట్లోంచే. నాకు నీ మీద ఇంత ప్రేమ ఎందుకో ఆ సాయంత్రం తెలిసింది. ఈ కాలపు బండి బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, దాని జబ్బేమిటో కంప్యూటరు పెట్టి అడగాలి. ఆ బళ్లు మంచివే, నీకంటే భద్రమైనవి, నీకంటే తక్కువ పొగ వదిలేవి. నీలో గాలిసంచీలు లేవు, నీ రేకు పల్చన, హైవే మీద లారీల మధ్య నిన్ను పరుగెత్తించడం తప్పు. అయినా నువ్వు బానెట్ ఎత్తగానే అన్నీ చూపిస్తావు. గాలి ఇటు నుంచి, పెట్రోలు అటు నుంచి, నిప్పు ఇదిగో ఈ వైర్లలో నుంచి. ఎనిమిదో తరగతి పిల్లకు నిలబడిన చోటే చెప్పొచ్చు. కొన్నవాడికి తాను కొన్నదేమిటో పూర్తిగా తెలిసే అవకాశం ఇచ్చావు నువ్వు. ఆస్తి అనే మాటకు ఇంతకంటే నిండైన అర్థం నాకు తెలియదు.

చిన్నా చితకా సామాన్ల కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. అక్కడ కోసిన బళ్ల తలుపులు తలుపుల పక్కన, గేర్ బాక్సులు గేర్ బాక్సుల మీద పేర్చి ఉంటాయి. నీ పాత దీపపు గాజు, కిటికీ అద్దం తిప్పే పిడి, చోక్ వైరు దొరికాయి. అల్లాయ్ చక్రాలూ, నీలం దీపాలూ కొనమన్నారు. వద్దన్నాను. నీ ముఖం నీకుండాలి. సర్కారు లెక్కలో 50 ఏళ్లు దాటితేనే వింటేజ్. మారుతీల్లో పెద్దదానికే ఆ గౌరవం 2033 దాకా రాదు. కొత్తదానివీ కావు, పురాతనమూ కావు. ఈ మధ్య వయసులోనే బళ్లు తూకానికి పోతాయి. 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఫిట్‌నెస్ చూపించాలి. చూపిద్దాం, అందులో న్యాయం ఉంది. ఇంకో సంగతి: ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. నీ కాలపు రబ్బరు గొట్టాలు దాన్ని ఎరగవు. అది గాలిలో తడిని కూడా పీల్చుకుంటుంది. అందుకని పెట్రోలు గొట్టాలన్నీ దాన్ని తట్టుకునేవి వేశాం, ట్యాంకు నింపి నిలబెట్టకూడదని నియమం పెట్టుకున్నాం.

స్టార్ట్ చేసే ముందు టైమింగ్ బెల్టు మార్చాం. నడవకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది. ప్లగ్గులు విప్పి మూడు సిలిండర్లలో కాస్త కాస్త ఆయిల్ వేసి, ఒక రాత్రి ఊరనిచ్చి, పుల్లీ నట్టుకు స్పానరు తగిలించి చేత్తో తిప్పాం. మొదట బిగుసుకుంది. తర్వాత బద్ధకంగా, తర్వాత వెన్నలా తిరిగింది. కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గులు. చోక్ లాగాను. తాళం తిప్పాను. దగ్గావు. మళ్లీ తిప్పాను. తెల్లటి పొగ వదిలి, ఆయిల్ కాలిన కంపుతో వసారా నింపి, అందుకున్నావు!

ఒకటి, మూడు, రెండు. నీ నిప్పు వరస అది. 240 డిగ్రీలకొకసారి ఒక సిలిండరు పలుకుతుంది. ఆ మూడింటి లాగుడులో ఒక కొస లేస్తే ఒక కొస దిగుతుంది. అందుకే నిలబడి ఉన్నప్పుడు నీకు ఆ వణుకు. గేరు రాడ్డు వణుకుతుంది, అద్దంలో వెనక వీధి వణుకుతుంది, డాష్‌బోర్డు మీద మా ఆవిడ పెట్టిన చిన్న వినాయకుడు వణుకుతూ అర అంగుళం జరుగుతాడు. నాలుగు సిలిండర్ల నున్నని నడక నీకు లేదు. ఎవరికి కావాలది? ఈ లయ వినే మా తరం ఆఫీసులకు వెళ్లింది, పురుడు ఆసుపత్రులకు వెళ్లింది, పెళ్లిళ్లకు పూలదండ కట్టుకుని వెళ్లింది. మలుపు తిరక్కముందే చప్పుడు విని "నాన్న వచ్చేశారు" అని పిల్లలు పుస్తకాలు తీసిన లయ ఇది. కీర్తించదగ్గ యంత్రమేదైనా ఉంటే, అది ఇంత తక్కువ సామానుతో ఇన్ని ఇళ్లను మోసిన నువ్వే.

నిన్ను అద్దాల గదిలో పెట్టే ఉద్దేశం మాకు లేదు. డ్రైవింగ్ స్కూళ్లలో మా వయసువాళ్లు ఎంతోమంది నీ క్లచ్చి మీదే కాలు పెట్టి నేర్చుకున్నారు. ఇప్పుడు మా అమ్మాయికి ఎల్ బోర్డు వచ్చింది. నీకు ముందూ వెనకా ఎర్రక్షరం అంటించాం. ఆదివారం పొద్దున్నే, వీధిలో పాలవాళ్లు తప్ప ఎవరూ లేనప్పుడు, తను స్టీరింగు ముందు కూర్చుంది, నేను పక్కన.

"క్లచ్ నెమ్మదిగా వదులమ్మా."

"వదిలాను నాన్నా, ఆగిపోయింది."

"ఏం పర్లేదు. న్యూట్రల్ చేసి మళ్లీ తిప్పు."

తిప్పింది. గట్టిగా రేసు చేసింది, పక్కింటి కుక్క లేచి మొరిగింది, మేడ మీద నుంచి మావయ్యగారు "వెనక బండి వస్తోందేమో చూసుకో!" అని కేకేశారు. ఈసారి నువ్వు ఒక్క గెంతు గెంతి కదిలావు. గేటు దాటావు, కరెంటు స్తంభం దాటావు. రెండో గేరు వెయ్యమన్నాను. రాడ్డు వెనక్కి లాగింది, పడింది, భానుగుడి వైపు తిప్పింది.