'అంగీకరిస్తున్నాను' అనే అబద్ధం ఎవరిది?

కొల్లేటి చుట్టుపట్ల చేపల చెరువును కౌలుకిచ్చే ఆసామి కైకలూరులోనో ఏలూరులోనో దస్తావేజు లేఖరి చేత కాగితం వ్రాయించుకొంటాడు. చదువు రానివాడైతే ఎవరైనా పైకి చదివి వినిపించిన తరువాత వేలిముద్ర వేస్తాడు. గడువు నచ్చకపోతే ఆ పంక్తి మార్పించమని అడుగుతాడు. అదే ఆసామి మేత ధరలు చూచుకొనటానికి ఫోనులో ఒక యాప్ పెట్టుకొన్నపుడు 'అంగీకరిస్తున్నాను' అనే మీటను క్షణంలో నొక్కివేస్తాడు. ఇదీ ఒప్పందమే. సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణ ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో జరిగిందన్న ఒక్క కారణం చేత ఒప్పందం చెల్లకుండా పోదు.

ఈ షరతులను ఎవరైనా చదువుతారా? జొనాథన్ ఒబార్, అన్ ఓల్డార్ఫ్-హిర్ష్ అనే పరిశోధకులు దీనిని పరీక్షించి 2016లో ఫలితాలను వెల్లడించారు. 'నేమ్‌డ్రాప్' అనే కల్పిత సేవలో చేరటానికి 543 మంది అమెరికా విద్యార్థులను పిలిచారు. గోప్యతా విధానంలో దాదాపు 8,000 మాటలు, సేవా షరతులలో 4,300కు పైగా మాటలు వున్నాయి. మొదటి బిడ్డను సంస్థకు అప్పగించాలన్న షరతు కూడా అందులో ఇమిడ్చారు! నూటికి 74 మంది గోప్యతా విధానాన్ని తెరవనే లేదు. సేవా షరతులపై సగటున గడిపిన కాలం 51 సెకనులు. నూటికి 98 మంది బిడ్డ సంగతి గమనించలేదు.

ప్రయోగం చక్కనిది, శీర్షిక మాత్రం సరియైనది కాదు. దానికి 'ఇంటర్నెట్‌లో అతి పెద్ద అబద్ధం' అని పేరు పెట్టారు. చదివానని చెప్పి చదవనివాడు అబద్ధమాడినట్లే కదా అనిపిస్తుంది. కాని ప్రయోగం కొలిచినది చదవకపోవటాన్నే గాని, దాని కారణాన్ని కాదు. పైగా ఆ సేవకు తమ విశ్వవిద్యాలయంతో సంబంధమున్నదని ఆ విద్యార్థులకు చెప్పారు. అట్టి నమ్మకమున్నచోట ఎవరు తరచి చూస్తారు?

కారణం తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. తాడేపల్లిగూడెంలో తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి ఒకడు నిమిషానికి 100 ఇంగ్లీషు మాటలు అర్థం చేసుకొంటూ చదవగలడనుకొందాం. నేమ్‌డ్రాప్ పత్రాలు రెండూ ముగించటానికి రెండు గంటలకు పైగా పడుతుంది. అదీ ఒక్క సేవకు! తాము చూచే ప్రతి వెబ్‌సైటు గోప్యతా విధానాన్నీ చదవాలంటే ఒక్కొక్క అమెరికను పౌరునికి ఏటా సుమారు 200 గంటలు కావాలని ఆలీసియా మెక్‌డొనాల్డ్, లోరీ క్రేనర్ 2008లోనే అంచనా వేశారు. అంత కష్టపడి చదివినా ఫలమేమి? నచ్చని షరతును కొట్టివేయించటానికి ఎదుట లేఖరి లేడు. కాదంటే యాప్ తెరుచుకోదు, అంతే. కనుక చదవకపోవటం బద్ధకమని ఉపాధ్యాయులు పిల్లలను మందలిస్తే అది అన్యాయం. చదవటానికి వీలులేనట్లు వ్రాసి, చదివితిననిపించుకొనే సంస్థకు ఆ అబద్ధంలో పెద్ద వాటా వున్నది.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి కోరే పత్రం సులభమైన భాషలో వుండాలని, ఇంగ్లీషులో గాని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలలో దేనిలోనైనా గాని చదువుకొనే వీలు కల్పించాలని నిర్దేశించింది. ఆ భాషలలో తెలుగు ఒకటి. నియమాలు 2025 నవంబరులో వెలువడినాయి. మంచిదే. కాని ఈ నిబంధన వ్యక్తిగత సమాచారానికి సంబంధించినంత వరకే. నష్టం జరిగితే సంస్థకు బాధ్యత లేదనే షరతు, షరతులను ఎప్పుడైనా మార్చే హక్కు మాదేననే షరతు లైసెన్సు పత్రంలో ఇంగ్లీషులోనే వుండవచ్చును. ఎనిమిది వేల మాటలను తెలుగు చేసినా, అవి ఇంచుమించు అంత పొడవుగానే వుంటాయి.