తొలగించబడిన ఇద్దరు దేవతలు: టోమి అడెయెమి కల్పిత దేవతాగణముపై ఒక దైవశాస్త్ర పరిశీలన

నైజీరియా నైరుతి ప్రాంతములోను, దానిని ఆనుకొని ఉన్న బెనిన్ దేశములోను నివసించే యోరుబా ప్రజల ప్రాచీన మతము నేడు రెండు మార్గాలలో లోకమునకు పరిచయమవుతున్నది. మొదటిది, బానిసలుగా అట్లాంటిక్ సముద్రము దాటించబడినవారు బ్రెజిల్, క్యూబా దేశాలలో కాపాడుకొన్న ఆరాధన. రెండవది ఆధునిక సాహిత్యము. ఈ రెండవ మార్గములో విశేష ఆదరణ పొందిన గ్రంథము, నైజీరియా సంతతికి చెందిన అమెరికా రచయిత్రి టోమి అడెయెమి 2018లో ప్రచురించిన ఆంగ్ల నవల 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్'. దాని తరువాయి భాగాలు 2019లోను, 2024లోను వెలువడినవి. యువ పాఠకుల కొరకు వ్రాయబడిన ఈ నవలలోని దేవతాగణమును ఈ వ్యాసములో పరిశీలించదలచాము. ఇది కట్టుకథ గనుక దైవశాస్త్రమునకు దీనితో పనిలేదనే వాదన మాకు సమంజసముగా తోచలేదు. ఒక ప్రాచీన మతము నుండి దేవతలను తీసుకొని కథ అల్లేవారు ఎవరిని ఉంచారో, ఎవరిని తొలగించారో గమనిస్తే, వారు దైవము నుండి ఏమి కోరుతున్నారో తెలుస్తుంది.

నవలలోని దేవతలు

కథ జరిగే రాజ్యము పేరు ఒరిషా. యోరుబా భాషలో ఈ మాట దేవతలకు సాధారణ నామము. ఈ రాజ్యములో ఒకప్పుడు దైవశక్తిగల 'మాజి' అనే జనులు ఉండేవారు. సరాన్ అనే రాజు కాలములో ఆ శక్తి అంతరించగా, అతడు వారిని చంపించాడు. తెల్లని జుట్టుతో పుట్టిన వారి పిల్లలు మాత్రము అవమానమును, పన్నుల భారమును, వెట్టిచాకిరిని భరిస్తూ బ్రదుకుతున్నారు. ఆ హత్యాకాండలో తల్లిని పోగొట్టుకొన్న జెలీ అనే యువతి, మూడు పవిత్ర వస్తువులను సమకూర్చి, పోయిన శక్తిని తిరిగి రప్పించుటకు బయలుదేరడమే కథ.

దేవతలలో అందరికి పైగా ఆకాశమాత ఉన్నది. ఆమె క్రింద పదిమంది దేవతలు, వారికి చెందిన పది తెగలు ఉన్నవి. ఒయా మరణమునకు, యెమోజా నీటికి, షాంగో అగ్నికి, అయావ్ గాలికి, ఒగున్ భూమికిని లోహమునకు, ఒషుమారే వెలుగుకు, ఒరున్మిలా కాలమునకు, ఒరి మనస్సుకు, ఒషోసి జంతువులకు అధిదేవతలు. బబలువాయె స్వస్థతకును రోగమునకును అధిదేవత.

ఈ చివరి పేరు మన పాఠకులను ఆలోచింపజేయవలసినది. యోరుబా జనులు మశూచి దేవుడైన షోపొనా పేరు పలుకుటకు భయపడి, తండ్రి, లోకమునకు ప్రభువు అనే భావముగల బబలువాయె అనే గౌరవనామముతో పిలిచేవారు. మశూచి సోకినప్పుడు "అమ్మవారు పోసింది" అన్న మన పెద్దల మాటలోను ఇదే భయము, ఇదే గౌరవము ఉన్నవి. నవలలో ఆ భయము లేదు. అయినను బాగుచేయు చెయ్యే బాధించగలదనే పాత గ్రహింపును రచయిత్రి విడిచిపెట్టలేదు. ఆ తెగలో వైద్యులును, రోగము కలుగజేయువారును ఉన్నారు.

ఎషు ఎందుకు లేడు?

అయితే ఈ పదిమందిలో ఎషు లేడు. యోరుబా మతమును ఎరిగినవారికి ఇది చిన్న లోపము కాదు. ఎషు నాలుగు త్రోవలు కలిసే చోట ఉండేవాడు. మనుష్యుల బలులను పైలోకమునకు చేర్చేవాడు. వారి నడవడిని పరీక్షించి, పరమదైవమైన ఒలొదుమారేకు నివేదించేవాడు. 256 అధ్యాయాలుగల ఇఫా సోదె చెప్పేటప్పుడు ఉపయోగించే పళ్ళెము అంచున చెక్కబడే ముఖము అతనిదే. అతడు లేనిదే బలి చేరదు.

ఎషుకు అన్యాయము జరగడము ఇది మొదటిసారి కాదు. 1864లో ఆంగ్లికన్ సంఘమునకు మొదటి ఆఫ్రికా బిషప్పుగా అభిషేకము పొందిన శామ్యూల్ అజయి క్రౌథర్, స్వయముగా యోరుబావాడు. బాల్యములో బానిసగా అమ్మబడి విడుదల పొందినవాడు. ఆయన నాయకత్వములో రూపొందిన యోరుబా బైబిలులో అపవాదికి ఎషు అనే పేరే వాడబడినది. మత్తయి సువార్త 4వ అధ్యాయము మొదటి వచనమును పోల్చి చూస్తే భేదము స్పష్టమవుతుంది. తెలుగు అనువాదకులు అక్కడ ఏ గ్రామదేవత పేరునూ పెట్టక, 'అపవాది' అనే మాటను వాడారు. అది నింద మోపువాడని చెప్పే మాట, ఎవరి దేవతకూ పేరు కాదు. యోరుబా అనువాదములోనైతే ఒక ప్రజ నిత్యము ఆశ్రయించిన దేవతయే సాతానుగా మారిపోయాడు. నైజీరియా మెథడిస్టు సంఘమునకు నాయకత్వము వహించిన బొలాజి ఇదోవు, 1962లో వెలువడిన 'ఒలొదుమారే' అనే గ్రంథములో దీనిని విమర్శించాడు. ఎషు క్రొత్త నిబంధనలోని అపవాది కాడనియు, యోబు గ్రంథములో దేవుని సన్నిధిలో నిలిచి మనుష్యులను పరీక్షించేవానికి దగ్గరివాడనియు ఆయన అభిప్రాయము.

అనువాదకులు ఎషును శత్రువుగా చేశారు. నవల అతనిని మరుగుపరచినది. ఉద్దేశములు వేరైనను, పరీక్షించి లెక్క అడిగే దైవదూత ఇద్దరికిని ఇబ్బందికరముగానే ఉన్నాడు. ఎషు లేకపోగా నవలలో బలి, సోదె, నడవడి పరీక్ష అనేవి దాదాపు కనిపించవు. మాజి జనులు పూర్వము తమ శక్తిని దుర్వినియోగము చేయగా దేవతలు దానిని తీసివేశారనే పురాతన వృత్తాంతము ఒకటి ఉన్నమాట నిజమే. కాని అది గతము. ప్రస్తుత కథలో శక్తి తిరిగి రావడానికి కావలసినవి సరియైన వస్తువులు, సరియైన స్థలము, సరియైన దినము. నడవడిని ఎవరును అడగరు.

ఒబతాలా ఎందుకు లేడు?

తొలగించబడిన రెండవ దేవత ఒబతాలా. యోరుబా విశ్వాసములో మానవ శరీరములను మలచేవాడు ఇతడే. తెలుపు ఇతని వర్ణము. గూనివారు, పుట్టుకతో తెల్లని చర్మము గలవారు, అంగవైకల్యము గలవారు ఇతని సొత్తుగా ఎంచబడ్డారు గనుక, వారిని ఎగతాళి చేయకూడదని పెద్దలు బోధించేవారు. లోకము లోపమని చూచేదానిని దైవము తన గురుతుగా చేసికొన్నది.

నవలలోను తెలుపు దేవతల గురుతే. కాని అది బలమునకు గురుతు. తెల్లని జుట్టుగల పిల్లలు అణచబడినప్పటికి, వారి రక్తములో ఒక శక్తి దాగియున్నది గనుకనే వారు గొప్పవారు. అమెరికాలో నిరాయుధులైన నల్లజాతివారు పోలీసుల తూటాలకు బలియగుచున్న వార్తల మధ్య ఈ నవల వ్రాయబడినదని రచయిత్రియే తన మాటలో తెలిపినది. ఆ వేదనను మేము తేలికగా తీసికొనము. అణచబడిన బిడ్డతో "నీవు పవిత్రురాలవు" అని చెప్పగోరిన హృదయము ఈ గ్రంథములో ఉన్నది. కాని ఆ పవిత్రతకు ఆధారముగా జన్మశక్తిని చూపితే, శక్తిలేని బిడ్డ సంగతి ఏమిటి? జెలీ అన్న జైన్‌కు ఏ శక్తియు లేదు. రెండవ నవలలో రాజవంశీయులకును శక్తి లభించగా యుద్ధము మరింత భీకరమైనది. జన్మశక్తి మీద నిలిచిన గౌరవము ఎక్కడికి దారితీస్తుందో రచయిత్రి కథయే చూపినదని మా అభిప్రాయము.

జన్మను బట్టి మనుష్యుని విలువ కట్టే సమాజములో సువార్త వినిన తెలుగు సంఘములకు ఈ ప్రశ్న దూరపుది కాదు. మన సంఘములలో అధికులు దళితులు. దళిత దైవశాస్త్రమునకు పునాది వేసిన అరవింద్ నిర్మల్, దేవుని సేవకునిగా, దాసుల మధ్య దాసునిగా దర్శించాడు. అణచబడినవారిలో దాగిన శక్తిని ఆయన వెదకలేదు. అణచబడిన దేవునినే చూపాడు. కొరింథీయులకు వ్రాసిన రెండు పత్రికలలోను పౌలు బలహీనతను గూర్చి చెప్పినది ఈ త్రోవలోనిదే.

కాపరులకు ఒక మనవి

ఇట్టి గ్రంథములు మన యౌవనస్థుల చేతులలో కనబడినప్పుడు రెండు తొందరపాటులను మానవలెనని మా మనవి. ఇది దయ్యముల పుస్తకమని త్రోసివేయడము మొదటిది. అది ఎషు విషయములో జరిగిన పొరపాటునే మరల చేయడము. ఇది ఆఫ్రికా మతమును ఉన్నదున్నట్లు చూపుచున్నదని నమ్మడము రెండవది. నవలలోని ఆలయము పేరు చాందొంబ్లె; అది బ్రెజిల్‌లోని యోరుబా సంతతివారి మతము పేరు. ఆకాశమాత స్త్రీ, యోరుబా భాషలోనైతే అతడు, ఆమె అనే భేదము సర్వనామములలోనే లేదు. ఇవి సముద్రమునకు ఆవల పెరిగిన ఒక కుమార్తె తన పితరుల ఇంటిని ఊహించుకొని కట్టిన గోడలు.

ఏథెన్సులో పౌలు బలిపీఠములను నడచి చూచి, వాటిమీది వ్రాతను చదివిన తరువాతనే మాటలాడాడు. మనమును యౌవనస్థులతో కూర్చుండి చదివి, వారిని ఒక ప్రశ్న అడుగుదము: ఈ దేవతలలో బలహీనుని తన సొత్తుగా ఎంచేవారు ఎవరు? జవాబు దొరకని చోట ఒబతాలాను గూర్చి చెప్పవచ్చును. సిలువను గూర్చి చెప్పుటకును అదే తగిన చోటు.