వార్తాభాషలో పక్షపాతం: తెలంగాణ ఉద్యమకాలపు పదజాలం

తెలుగు పత్రికాభాషపై జరిగిన పరిశీలన చాలావరకు పదకల్పనకు, వాక్యసారళ్యానికి పరిమితమైంది. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకీయాల్లో వాడుకభాషకు కల్పించిన స్థానం, బూదరాజు రాధాకృష్ణ పాత్రికేయులకు నేర్పిన అనువాద పద్ధతులు సవివరంగా చర్చకు వచ్చాయి. సరళమైన భాష నిష్పాక్షికమైన భాష కూడా అవుతుందన్న నమ్మకం మాత్రం పరీక్షకు గురికాకుండానే మిగిలింది. తెలంగాణ ఉద్యమం ఆ నమ్మకాన్ని పరీక్షించింది.

ఉద్యమకాలపు వార్తల్లో ‘వేర్పాటువాదం’, ‘సమైక్యవాదం’ అనే జంట పదాలు విస్తృతంగా కనిపిస్తాయి. పైకి ఇవి రెండు పక్షాలకు పెట్టిన రెండు పేర్లు మాత్రమే. అయితే కాశ్మీరు, పంజాబు వార్తల్లో దేశం నుంచి విడిపోవాలన్న వారిని సూచించడానికి తెలుగు పత్రికలు వాడుతూ వచ్చినదీ ‘వేర్పాటువాదులు’ అన్న మాటే. రాజ్యాంగంలోని 3వ అధికరణం ప్రకారం కొత్త రాష్ట్రాన్ని కోరుతున్నవారికి అదే మాటను తగిలించినప్పుడు, వార్తలో ఒక్క అబద్ధమూ లేకుండానే తీర్పు వెలువడింది. ‘సమైక్యం’ విషయం దీనికి భిన్నం. విశాలాంధ్ర నినాదం నుంచి సంక్రమించిన ఉదాత్తత దానికి ముందే ఉంది. ‘విభజన’, ‘ఏర్పాటు’ అన్న మాటలనూ ఇలాగే చూడాలి. ‘విభజన’ అనగానే అంతకుముందు అఖండంగా ఉన్నదేదో ముక్కలవుతున్నట్లు స్ఫురిస్తుంది. 1953 అక్టోబరు 1న జరిగిన దాన్ని తెలుగువారెవరూ ‘మద్రాసు విభజన’ అనరు, ఆంధ్రరాష్ట్ర అవతరణ అనే అంటారు. ఒకే రాజ్యాంగ ప్రక్రియ ఒకచోట అవతరణ, మరోచోట విభజన కావడానికి కారణం వ్యాకరణంలో లేదు.

మరణాన్ని చెప్పే మాటల్లో ఈ తేడా మరింత తీవ్రం. 1952 డిసెంబరు 15న నిరాహారదీక్షలో మరణించిన పొట్టి శ్రీరాములు ‘అమరజీవి’ అయ్యారు. 2009 నవంబరు 29న ఎల్.బి.నగర్ కూడలిలో ఒంటికి నిప్పంటించుకొని, డిసెంబరు 3న కన్నుమూసిన కాసోజు శ్రీకాంతాచారి విషయంలో ‘ఆత్మహత్య’, ‘ఆత్మాహుతి’, ‘బలిదానం’ అనే మూడు మాటలు పోటీపడ్డాయి. ‘ఆత్మహత్య’ పోలీసు నివేదికలోని మాట. కారణాన్ని వ్యక్తిలోనే వెతకమంటుంది. ‘బలిదానం’ ఆ కారణాన్ని సమాజం ముందు పెడుతుంది. అంతమాత్రాన రెండోది నిర్దోషమైన పదం కాదు. తర్వాతి నెలల్లో యువకుల మరణాలు వరుసగా వార్తలవుతున్నప్పుడు, ఆ మాటలోని కీర్తి మరో యువకుణ్ణి ఎటు నడిపిస్తుందన్న ప్రశ్నను ఉద్యమ పక్షపు రచన కూడా తగినంతగా వేసుకోలేదు.

పక్షపాతం మాటల్లోనే పుడుతుందా, యాజమాన్యంలో పుడుతుందా అన్నది పాత వివాదం. ఈ సందర్భంలో యాజమాన్యాన్ని గురించి రాసింది ఉద్యమకారులు మాత్రమే కాదు. 2010 డిసెంబరు 30న నివేదిక సమర్పించిన శ్రీకృష్ణ కమిటీ, శాంతిభద్రతలకు సంబంధించిన ఎనిమిదో అధ్యాయాన్ని గోప్యంగా కేంద్రానికి అందజేసింది. 2011 మార్చిలో హైకోర్టు న్యాయమూర్తి ఎల్. నరసింహారెడ్డి తీర్పు ద్వారా అందులోని అంశాలు కొన్ని వెలుగుచూశాయి. చానళ్లు, పత్రికల యాజమాన్యం అధికభాగం సీమాంధ్రుల చేతుల్లో ఉందని ఆ అధ్యాయం గుర్తించింది. అక్కడితో ఆగక, పత్రికలు ప్రభుత్వ ప్రకటనల ఆదాయంపై ఆధారపడి ఉన్నందున వాటిని అనుకూలంగా మలచుకోవచ్చన్న సూచన కూడా చేసింది. పక్షపాతాన్ని రోగంగా గుర్తించిన కలమే దాన్ని సాధనంగా సిఫారసు చేసింది. మాధ్యమాల చరిత్ర రాసేవారు ఈ పత్రాన్ని ఇప్పటికంటే శ్రద్ధగా చదవవలసి ఉంది.

ఇంత పక్షపాతం ప్రజాభిప్రాయాన్ని మార్చగలిగిందా? తెలంగాణలో మార్చలేదు. అవే పత్రికలు చదువుతూ, అవే చానళ్లు చూస్తూ అక్కడి ప్రజలు వాటికి వ్యతిరేకమైన నిర్ణయానికి వచ్చారు. దాని ప్రభావం పడింది మరోచోట. 1980ల చివర ‘ఈనాడు’ మొదలుపెట్టిన జిల్లా అనుబంధాలను ఇతర పత్రికలూ అనుసరించాయి. పల్లె వార్తకు చోటు దొరికింది. ఆ వార్త జిల్లా ఎల్లలు దాటకపోవడం దానికి చెల్లించిన మూల్యం. నల్లగొండ ఫ్లోరోసిస్ నల్లగొండ అనుబంధంలో, పాలమూరు వలస పాలమూరు అనుబంధంలో ఉండిపోయాయి. గుంటూరు పాఠకుడి చేతికి వచ్చినది ‘వేర్పాటువాదం’ అన్న శీర్షిక. 2009 డిసెంబరు 9 రాత్రి కేంద్రం చేసిన ప్రకటన కోస్తా, రాయలసీమల్లో పిడుగుపాటులా వినిపించడానికి, ఆ వెంటనే రాజీనామాలు వెల్లువెత్తడానికి రాజకీయ కారణాలు ఎన్నైనా ఉండవచ్చు. పాఠకుణ్ణి ఏళ్ల తరబడి పొరుగువాడి గోడుకు దూరంగా ఉంచిన ఈ ఏర్పాటును వాటిలో చేర్చకపోతే ఆ దిగ్భ్రాంతి అర్థం కాదు.

పక్షపాతానికి ప్రతిస్పందన ఎలా ఉండాలన్న దానికి తెలంగాణలోనే రెండు నమూనాలున్నాయి. తెలంగాణలో కవులు పూజ్యమన్న రాతకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించి జవాబిచ్చారు. 2014 జూన్‌లో కొత్త శాసనసభ్యులను ఎగతాళి చేసిన టీవీ9 కార్యక్రమంపై ఆగ్రహం రేగినప్పుడు, కేబుల్ నిర్వాహకులు ఆ చానలుతో పాటు ఏబీఎన్ ప్రసారాలను కూడా నిలిపివేశారు. ఎగతాళి నిజం, ఆగ్రహమూ న్యాయమే. మొదటి జవాబు పాఠకుడికి చదవడానికి మరింత ఇచ్చింది, రెండోది ప్రేక్షకుడికి ఉన్నదాన్ని తీసేసింది. 2011లో వచ్చిన ‘నమస్తే తెలంగాణ’ పదజాలంలోని అసమతుల్యాన్ని చాలావరకు సరిచేసిన మాట నిజం. ఉద్యమ పక్షం అధికార పక్షమయ్యాక ఆ పత్రికకూ అదే పరీక్ష ఎదురైంది, అందులో అది నెగ్గిందని చెప్పడం కష్టం.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్, హయత్‌నగర్ మీదుగా పెద్ద అంబర్‌పేట్ దాకా సాగే విజయవాడ రహదారి వెంట రెండు ప్రాంతాలవారూ పక్కపక్కనే నివసిస్తున్నారు. అదే దారిలో, పెద్ద అంబర్‌పేట్ దాటాక రామోజీ ఫిల్మ్‌సిటీ ఉంది. ఈటీవీ కేంద్రం అక్కడే. 2014లో ఈటీవీ వార్తా చానలు రెండు రాష్ట్రాలకు రెండుగా చీలింది. ఇప్పుడు ‘వేర్పాటువాదం’ అన్న మాట వార్తల్లో దాదాపు వినిపించదు. కానీ పార్లమెంటు ‘పునర్వ్యవస్థీకరణ’ అని పేరుపెట్టిన చట్టం ఆంధ్రప్రదేశ్ వార్తల్లో ‘విభజన చట్టం’గానే కొనసాగుతోంది; ఆ చట్టం అమల్లోకి వచ్చిన జూన్ 2 తెలంగాణ వార్తల్లో అవతరణ దినోత్సవం.