చుక్కానిని విప్పి చూడాల్సిందే

హైదరాబాద్ శాలిబండలో రాజా రాయ్ రాయాన్ 1904లో కట్టించిన గడియార స్తంభానికి నాలుగు ముఖాలున్నాయి. ఒక్కో ముఖం మీద ఒక్కో రకం అంకెలు: రోమన్, అరబిక్, దేవనాగరి, తెలుగు. ఏ దిక్కు నుంచి వచ్చినవాళ్లకైనా వేళ తెలియాలన్న సదుద్దేశం అందులో ఉంది. అయితే నాలుగు ముఖాలూ నిజం చెప్పాలంటే లోపల కంటికి కనబడని పళ్ల చక్రాలు సవ్యంగా తిరగాలి. ఎవరో ఒకరు పైకెక్కి వాటిని విప్పి, తుడిచి, నూనె వేసి, మళ్లీ వరసగా బిగించాలి. తెరచాప పడవలో చుక్కాని పరిస్థితీ ఇదే. తెరచాప దూరానికి కూడా కనిపిస్తుంది, చుక్కాని మాత్రం నీళ్ల కింద ఉంటుంది. తెరచాప చిరిగితే కుట్టుకోవచ్చు, ఒక తాడు తెగితే ఇంకో తాడు కట్టుకోవచ్చు. నడి సముద్రంలో చుక్కాని పోతే ఆ పడవ ఎటు పోవాలో గాలీ అలలూ నిర్ణయిస్తాయి. అందుకే, ముఖ్యంగా పాతబడిన దూరప్రయాణాల పడవల్లో, చుక్కాని పాడయ్యేదాకా ఆగకుండా బాగున్నప్పుడే విప్పి, చూసి, తిరిగి బిగించాలి. ఇది మరమ్మతు కాదు, నావికవిద్యలో భాగం. మన తీరానికి ఈ విద్య కొత్తదీ కాదు.

శాలిబండ నుంచి చూస్తే సముద్రం చాలా దూరం. కానీ 1591లో చార్మినార్ కట్టి ఈ నగరాన్ని నిలబెట్టిన కుతుబ్‌షాహీలకు సముద్రద్వారం మచిలీపట్నం. బందరు అని కూడా పిలిచే ఆ రేవు నుంచి ఓడలు బర్మాలోని పెగూ వైపూ పర్షియా వైపూ సాగేవి. 1611లో ఇంగ్లీషువాళ్లు వర్తకానికి దిగిందీ అక్కడే. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ వేయించాడు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుపానుకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారనీ, తాను సుంకం మాత్రమే తీసుకుంటాననీ అందులో ప్రకటించాడు. దారితప్పిన ఓడలు ఒక రాజశాసనానికి ఎక్కేంత మామూలు విషయమన్న మాట. ఈ తీరంలో అలల పోటు తట్టుకోవడానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం మసులా పడవ. దానికి మేకులుండవు. పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. ఒడ్డున విరిగే అల గుద్దితే మేకు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. అయితే ఉప్పునీళ్లలో తాడు నానిపోతుంది. కాబట్టి కుట్లు విప్పి, పలకలు చూసి, కొత్త తాడుతో మళ్లీ కుట్టడం ఆ పడవతో పాటే వచ్చిన బాధ్యత. దాన్ని నడిపేది పడవ వెనక, అమరం దగ్గర నిలబడి పొడవాటి తెడ్డు పట్టుకున్న మనిషి. దారి చూపే ఆ కర్ర ఎప్పుడూ అతని కంటి ముందూ చేతి కిందా ఉండేది.

గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఈ విద్యను పెద్ద ఓడల స్థాయికి తీసుకెళ్లింది. 18, 19 శతాబ్దాల్లో అక్కడా, పక్కనున్న తాళ్లరేవులోనూ సముద్రంలో తిరిగే కొయ్య ఓడలు కట్టారు. దూరం నుంచి వచ్చిన ఓడలు మరమ్మతుకు ఆగే రేవుగా కోరంగికి పేరుండేది. 1789, 1839 తుపానులు ఆ ఊరిని దెబ్బతీశాయి, నది తెచ్చిన మేట మిగతాది పూర్తిచేసింది. ఓడ వెనక ఇనుప బందులకు వేలాడే చుక్కానిలో ఒక గొప్ప సుగుణం ఉంది. పైకి ఎత్తితే ఊడివస్తుంది, దించితే తన చోట కూర్చుంటుంది. అరిగిన చోటు బయటికే కనిపిస్తుంది. ఇప్పటికీ ఈ రకం చుక్కానిని నమ్మేవాళ్లున్నారు. ఒంటరిగా భూగోళం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో 1988కి ముందు గీసిన నమూనాలకే అనుమతి. పడవ అడుగున పొడవునా సాగే వెన్ను ఉండాలి, దాని చివరికే చుక్కాని ఆనుకుని ఉండాలి. 2022లో బయలుదేరిన ఆ పోటీ విడతలో మన నావికుడు అభిలాష్ టామీ అలాంటి పడవతోనే 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో తీరం చేరాడు.

కానీ 1960ల తర్వాత ఫైబర్‌గ్లాస్ వచ్చి చుక్కాని లోపలి భాగాన్ని మూసేసింది. పాత పడవల్లో ఎక్కువగా కనిపించే నిర్మాణం ఇది: మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీలు ఇరుసు, దానికి వెల్డింగ్ చేసిన ఉక్కు పట్టీలు, చుట్టూ ఫోమ్, రెండు వైపులా ఫైబర్‌గ్లాస్ పెంకులు. చుక్కాని చక్రాన్ని తిప్పితే ఇరుసు తిరుగుతుంది, ఇరుసుతో పట్టీలు, పట్టీలతో చుక్కాని పలక. ఇరుసు పలకలోకి దిగే చోట ఉక్కూ ఫైబరూ ఒకేలా సాగవు, ముడుచుకోవు. ఏళ్ల తరబడి మెలితిరిగే ఒత్తిడికి అక్కడ వెంట్రుకంత సందు పడుతుంది, నీళ్లు దిగుతాయి, ఫోమ్ తాగేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదని లోకం నమ్మకం. నిజానికి గాలి తగులుతున్నంత సేపే దాని మీద పలచని రక్షణపొర నిలుస్తుంది. కదలని ఉప్పునీళ్లలో, గాలి ఆడని ఇరుకులో ఆ పొర పోయి లోహాన్ని లోలోపలే గుంటలు తినేస్తుంది. వెల్డింగ్ అతుకులు ముందు బలహీనపడతాయి. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. చివరికి ఒకరోజు పట్టీలు తెగుతాయి. చక్రం తిరుగుతుంది, ఇరుసు తిరుగుతుంది, పలక మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అదృష్టవశాత్తూ చుక్కాని ముందే చెబుతుంది, అడిగేవాళ్లుంటే. పడవను ఒడ్డుకెక్కించినప్పుడు టిల్లర్‌ను, అంటే చుక్కాని పిడిని, కదలకుండా కట్టేసి పలక వెనక అంచును రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తోయాలి. పిడి నిలిచి పలక కదిలితే లోపలి పట్టీలు వదులయ్యాయి. పలకా ఇరుసూ కలిసి పక్కలకు ఊగితే ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగింది. ప్లాస్టిక్ సుత్తితో పలకంతా తట్టుకుంటూ పోతే గట్టి చోట టకటకమని, నీళ్లు తాగిన చోట మొద్దుగా పలుకుతుంది. పలక కింది అంచు నుంచి రోజుల తరబడి గోధుమరంగు నీరు కారుతుంటే అది లోపలి ఉక్కు కరుగుతున్న గుర్తు. ఇరుసు పైకి వచ్చే చోట నీళ్లను ఆపే గ్లాండ్ దగ్గర ఉప్పు గడ్డకట్టినా, చక్రం ఒక చోట తేలిగ్గా మరో చోట బరువుగా తిరిగినా ఇక పరీక్షలతో సరిపెట్టుకోకూడదు. విప్పాలి.

విప్పడంలో మొదటి పని పానా పట్టడం కాదు, గుర్తులు పెట్టడం. చుక్కాని సరిగ్గా మధ్యలో ఉండగా ఇరుసు మీదా, దాన్ని తిప్పే క్వాడ్రంట్ మీదా ఒకే వరసలో చుక్కలు పొడవాలి. చక్రం మీద కూడా మధ్య గుర్తు కట్టాలి. ప్రతి నట్టూ, వాషరూ ఏ వరసలో వచ్చాయో ఫొటో తీసి, అదే వరసలో గుడ్డ మీద పేర్చాలి. తర్వాత పలక బరువును కింద జాకీ మీదా, పైన చైన్ బ్లాక్ మీదా మోపాలి. నీళ్లు తాగిన పలక అనుకున్నదానికంటే చాలా బరువుంటుంది, ఆఖరి బోల్టు ఊడగానే మీద పడుతుంది. ఆ పైన చక్రం నుంచి క్వాడ్రంట్‌కు వచ్చే తీగలు వదులు చేయాలి, క్వాడ్రంట్ బోల్టులు తీయాలి, క్వాడ్రంట్‌ను ఇరుసుకు పట్టి ఉంచే, గాడిలోని కీ జాగ్రత్త చేయాలి, బరువు మోసే కాలర్ విప్పాలి, గ్లాండ్ వదులు చేయాలి, అడుగున పాదంలాంటి బేరింగ్ ఉంటే దాన్నీ తీయాలి. ఇరుసు పూర్తిగా కిందికి జారాలంటే పడవను మరింత ఎత్తాలి, లేదా పలక కింద గుంట తవ్వాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి, బయటి నుంచి చూశాం చాలనుకుంటారు. కానీ చూడాల్సిన అసలు చోటు బుష్ లోపల దాగిన ఆ జానెడు ఇరుసే. దాన్ని తుడిచి వేలితో తడిమితే గుంటలు చేతికి తగులుతాయి. ఇరుసు సూటిగా ఉందో వంగిందో తిప్పి చూడాలి. కొన్ని నైలాన్ బుష్‌లు నీళ్లు పీల్చి ఉబ్బి ఇరుసును పట్టేస్తాయి. కంచు బుష్‌లు ఒకవైపే అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి. మొదటిదానికి సందు పెంచాలి, రెండోదానికి కొత్త బుష్ చేయించాలి. పైకి రెండూ బిగుసుకున్నట్టో వదులైనట్టో కనిపిస్తాయి తప్ప కారణం చెప్పవు. విప్పితేనే చెబుతాయి.

తిరిగి బిగించడం విప్పిన వరసను వెనక్కి నడపడమే అనుకుంటే పొరపాటు. విప్పేటప్పుడు ఊడితే చాలు, బిగించేటప్పుడు ప్రతి భాగమూ పక్కదానికి సరిపోవాలి. కొత్త బుష్‌కు సందు ముందుగా కొలవాలి, ఇరుసు తడిలో కూడా ఒక వేలితో తిరగాలి. కీ గాడిలో చేత్తో కూర్చోవాలి, సుత్తితో కొట్టి ఎక్కించిన కీ గాడి అంచునే పగలగొడుతుంది. రెండు వేర్వేరు లోహాలు తాకే చోట తడి చేరని పేస్టు రాయాలి, లేకపోతే ఉప్పునీళ్లలో ఒకదాన్ని మరొకటి తినేస్తుంది. అరిగిన జింక్ ముక్కను మార్చాలి, దాని పని తాను కరిగి మిగతా లోహాన్ని కాపాడటమే. పాత చీలలు మళ్లీ వాడకూడదు, కొత్తవి వేసి కొనలు మడవాలి. గ్లాండ్‌లో నార పొరలను అతుకులు ఒకేచోట రాకుండా అమర్చి, నీళ్లు ఆగేంత మాత్రమే బిగించాలి. అంతకు మించితే చక్రం బరువెక్కి చేతికి సముద్రం స్పర్శే తెలియదు. చుక్కాని రెండు వైపులా దాదాపు 35 డిగ్రీల దగ్గర ఆగేలా అడ్డులు ఉన్నాయో లేదో చూడాలి. అంతకు మించి తిరిగితే పలక నీళ్లను మళ్లించడం మాని అడ్డుకోవడం మొదలుపెడుతుంది. చివరగా అత్యవసర టిల్లర్‌ను ఇరుసు తలకు తొడిగి నిజంగా తిప్పి చూడాలి. కొన్న రోజు నుంచి సంచిలోనే ఉన్న అత్యవసర టిల్లర్ ఆ ఇరుసుకు పడుతుందన్న హామీ లేదు.

ఇంత శ్రమ అవసరమా అన్నది న్యాయమైన ప్రశ్న. దానికి సముద్రమే సమాధానం చెప్పింది. 1979 ఫాస్ట్‌నెట్ రేసులో తుపానుకు 15 మంది పోటీదారులు చనిపోయారు. ఆ రాత్రి కార్బన్ ఫైబర్‌తో చేసిన కొత్తరకం చుక్కానులు విరిగి కొన్ని పడవలు నిస్సహాయంగా మిగిలాయి. కొత్తదనం బలానికి హామీ కాదని తేలింది. మనకు దగ్గరి ఉదాహరణ మన నౌకాదళ తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ఆ పడవలో భూగోళం చుట్టి రావడానికి బయలుదేరారు. వారిలో హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖపట్నానికి చెందిన స్వాతి ఉన్నారు. దక్షిణ సముద్రాల్లో కొండంత అలలు దాటారు, కేప్ హార్న్ దాటారు. 2018 ఏప్రిల్‌లో ఇంటిదారి పట్టాక హిందూ మహాసముద్రంలో స్టీరింగ్ వ్యవస్థ దెబ్బతిని మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగాల్సి వచ్చింది. బాగుచేసుకుని మే 21న గోవా చేరారు. 2017లోనే నౌకాదళంలో చేరిన కొత్త పడవ, కఠిన శిక్షణ పొందిన సిబ్బంది, వెనక నౌకాదళమంతా ఉన్నా ఆ లోపం తప్పలేదు. ముప్పై నలభై ఏళ్ల పడవలో, ఒకరిద్దరే ఉండే ప్రయాణంలో విప్పి చూడని చుక్కానిని ఏ ధైర్యంతో నమ్మాలి?

ఒక అభ్యంతరం బలమైనది: బాగున్నదాన్ని కదిపితే కొత్త జబ్బు వస్తుంది, పట్టేసిన బోల్టు తలలు తెగుతాయి, బిగింపులో తప్పు జరుగుతుంది. ఇది నిజం. అందుకే ఏటా పూర్తిగా విప్పమని ఎవరూ అనరు. ఒడ్డుకెక్కించిన ప్రతిసారీ పైన చెప్పిన పరీక్షలు చేయాలి. పూర్తిగా దించడం కొన్నేళ్లకోసారి, మహాసముద్రం దాటే ముందు, నేలకు తగిలిన తర్వాత చేయాలి. ఒడ్డున తెగిన బోల్టు అలల మధ్య తెగాల్సిన బోల్టే, అది ఇక్కడ తెగడం నష్టం కాదు. మరొకరు, యార్డువాళ్లు ఉన్నారు కదా అంటారు. పని వాళ్లతో చేయించుకోవచ్చు, తప్పులేదు. కానీ పక్కన నిలబడి చూడకపోతే, సముద్రంలో చక్రం విచిత్రంగా కదిలిన రోజున లోపం తీగలోనా, కీలోనా, పలకలోనా అన్నది యజమానికి తెలియదు. ఆ మూడింటికీ చేయాల్సిన పని వేరు. తీగ తెగితే అత్యవసర టిల్లర్ కాపాడుతుంది, పలకే పోతే అది పనికిరాదు, వెనక తెడ్డు కట్టుకోవాలి. ఇంకొందరు, ఎంత చూసుకున్నా ప్రమాదం ఆగదంటారు. అదీ నిజమే. 2020 నుంచి స్పెయిన్, పోర్చుగల్ తీరంలో ఓర్కా తిమింగలాలు పడవల చుక్కానులనే ఢీకొంటున్నాయి. విప్పి చూడటం వాటిని ఆపలేదు. అయితే చుక్కాని నిర్మాణం తెలిసినవాడు దెబ్బ తగిలాక ఏం మిగిలిందో గ్రహించగలడు, మిగిలినదాంతో ఒడ్డు చేరే దారి వెతకగలడు.

ఇక ఆఖరి అభ్యంతరం: బండల మీద కట్టిన హైదరాబాద్‌కు ఈ గొడవెందుకు? హుస్సేన్ సాగర్‌లో దశాబ్దాలుగా తెరచాప పోటీలు జరుగుతున్నాయి, పిల్లలు చిన్న పడవల మీద గాలిని చదవడం నేర్చుకుంటున్నారు. ఆ చిన్న పడవల చుక్కాని రెండు చీలల మీద వేలాడుతుంది, నిమిషంలో ఊడివస్తుంది. నేర్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. తెరచాప పట్టడంతో పాటు చుక్కాని విప్పి, చీల అరుగుదల చూసి, తిరిగి బిగించడం కూడా పాఠంలో భాగం కావాలి. అలాగే ఒక కంచు బుష్‌ను సరైన సందుతో తిప్పగల చేతులు పాతబస్తీ లేత్ షాపుల్లో ఉన్నాయి. వాటికి సముద్రం దూరమైనా కొలత దూరం కాదు. బందరు కుట్టుపడవలు, కోరంగి ఓడలు కట్టినవాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది వస్తువు శాశ్వతం కాదన్న ఎరుక. దాని బలం మొదటిసారి కట్టిన రోజున పూర్తికాదు, విప్పి కట్టిన ప్రతిసారీ కొంత తిరిగి వస్తుంది. ఆ పని చేసిన మనిషికే పడవ మీద నమ్మకం పెట్టుకునే హక్కు ఉంటుంది, ఎందుకంటే అతని నమ్మకం చూసి తెలుసుకున్నది.